నలభై దాటాక రెండో డిగ్రీ: సీటు దొరుకుతుంది, చిక్కంతా ఆ తర్వాతే

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ నోటిఫికేషన్ పడిన రోజుల్లో నెట్ సెంటర్ల దగ్గర అప్లికేషన్ పెట్టించుకునే వాళ్లంతా కుర్రాళ్లే ఉండరు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ హెడ్ కానిస్టేబుల్ ఉంటాడు, వీఆర్ఎస్ తీసుకున్న బ్యాంకు ఉద్యోగి ఉంటాడు. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరాక కాస్త ఊపిరి తీసుకున్న గృహిణి ఉంటుంది. భూమి తగాదాతో ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి, ‘ఇంత ఖర్చుకు నేనే లాయర్నయ్యేవాణ్ని’ అని తేల్చుకున్న రైతూ ఉంటాడు. వీళ్లందరూ ముందుగా అడిగేది ఒకటే. ఈ వయసులో సీటిస్తారా?

ఇస్తారు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గరిష్ఠ వయోపరిమితి లేదు. ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరడానికీ లేదు. దూరవిద్యలో డిగ్రీకి, పీజీకి ఎవరూ వయసు అడగరు. ఆఖరికి ఎంబీబీఎస్ కోసం రాసే నీట్‌కు ఉన్న 25 ఏళ్ల పరిమితిని కూడా జాతీయ వైద్య కమిషన్ తీసేసింది. ఆ సంగతి 2022 మార్చిలో బయటికొచ్చింది.

కాలేజీ గేటు దగ్గర వయసు అడగరు కాబట్టి చాలామంది అక్కడితో నిశ్చింత పడిపోతారు. ఆ చదువు పట్టుకుని తర్వాత ఏ గేటు దగ్గరికి వెళ్తామో, అక్కడ అడుగుతారు. వయసే కాదు, పాత డిగ్రీ ఎలా వచ్చింది, హాజరు ఎంత, ఉద్యోగంలో ఉంటూ చదివారా, ఇలాంటివన్నీ అడుగుతారు. అందుకే రెండో డిగ్రీ లెక్క చివరి నుంచి మొదటికి వేసుకోవాలి. ముందు డిగ్రీతో ఏం చేయదలచుకున్నామో తేలితే, ఏ కోర్సు, ఏ పద్ధతిలో, అసలు అవసరమా కాదా అన్నవి వాటంతట అవే తేలతాయి. సరదా కోసం, తృప్తి కోసం చదివేవారికి ఈ గొడవ లేదు. బ్రిటిష్ కాలంలో డిగ్రీ, లా చదివిన రాజ్‌కుమార్ వైశ్య అనే పెద్దాయన పట్నాలోని నలంద ఓపెన్ యూనివర్సిటీ నుంచి 2017లో ఎంఏ ఎకనామిక్స్ పాసయ్యారు. అప్పటికి ఆయనకు తొంభై ఏడేళ్లు దాటాయి. ఆయనకు ఏ నోటిఫికేషన్‌తోనూ పని లేదు. మనలో ఎక్కువమందికి ఉంటుంది.

నల్లకోటు దాకా ఉన్న దారి

మన దగ్గర నడివయసులో రెండో డిగ్రీ అంటే ముందు గుర్తొచ్చేది లా. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

లా చదువుకు వయసు అడ్డుపెట్టాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చాలాసార్లు ప్రయత్నించింది. ఒకప్పుడు 45 ఏళ్లు దాటినవారిని అడ్వకేట్‌గా ఎన్‌రోల్ చేసుకోకూడదని రూల్ పెట్టింది. అది చెల్లదని సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల్లో మూడేళ్ల కోర్సులో చేరడానికి 30 ఏళ్ల పరిమితి వచ్చింది. కొన్నాళ్లకు వెనక్కి పోయింది, 2016లో మళ్లీ వచ్చింది, 2017 మార్చిలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఇవాళ యాభై ఏళ్ల మనిషి లాసెట్ రాయగలుగుతున్నాడంటే వెనక ఇంత కథ ఉంది.

లాసెట్ పెద్ద కష్టం కాదు. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. సగం మార్కులు లీగల్ ఆప్టిట్యూడ్‌కు, మిగతా సగం జనరల్ నాలెడ్జ్, వర్తమాన వ్యవహారాలకు. 42 మార్కులొస్తే అర్హత వచ్చినట్టే, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. రోజూ పేపరు చదివే అలవాటున్న యాభై ఏళ్లవాళ్లు ఇందులో కుర్రాళ్లను వెనక్కి నెట్టేస్తే ఆశ్చర్యపడక్కర్లేదు. డిగ్రీలో మాత్రం జనరల్ అభ్యర్థికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. పాతికేళ్ల కిందట ‘పాసైతే చాలు’ అనుకుని 41 శాతంతో బయటపడ్డ బీకాం ఇక్కడ పట్టేస్తుంది.

అంతకన్నా లోతైన గొయ్యి ఇంకొకటుంది. హైదరాబాద్‌లో 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది. దాని పెద్ద గొప్పదనం, చాలా ఏళ్లపాటు ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరనివ్వడం. పొలం పనుల్లో, ఫ్యాక్టరీల్లో, పెళ్లిళ్లతో చదువు ఆగిపోయిన వేలమంది ఆ దారిన పట్టభద్రులయ్యారు. కానీ బార్ కౌన్సిల్ నిబంధన ఏమంటుందంటే, పది, ఇంటర్, డిగ్రీ అనే వరుస ఉండాలి. కింది మెట్టు లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా డిగ్రీ గానీ పీజీ గానీ తెచ్చుకున్నవారు ఎల్‌ఎల్‌బీకి అర్హులు కారు. ఇంటర్ పాసై, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఏ ఇబ్బందీ లేదు. రెండిటినీ కలిపేసి ‘ఓపెన్ డిగ్రీ లాకు పనికిరాదు’ అని జనంలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది, అది తప్పు. పనికిరానిది ఇంటర్ లేని ఓపెన్ డిగ్రీ. నా మటుకు నాకు ఈ నిబంధన అన్యాయంగానే కనిపిస్తుంది. ప్రభుత్వమే తెరిచిన తలుపులోంచి వచ్చినవాణ్ని ఇంకో తలుపు దగ్గర ఆపడం ఏం పద్ధతి? అయినా రూల్ రూలే. ఎంట్రన్స్‌లో ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్ దాకా వెళ్లాక తెలుసుకునేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

ఇక హాజరు. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో లేదు, ఆన్‌లైన్‌లోనూ లేదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం క్లాసులకు వెళ్లాలి. గట్టి కారణం ఉంటే 65 దాకా మన్నించే వీలుంది. ‘ఈవెనింగ్ కాలేజీలో చేరతాను, ఆఫీసు అయ్యాక వెళ్తాను’ అనుకునేవారు గమనించాల్సింది ఏంటంటే, క్లాసులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే జరగాలని నిబంధన. ఉదయం పూట పెట్టే కాలేజీ దొరికి, ఆఫీసు దగ్గరగా ఉంటే తప్ప పూర్తిస్థాయి ఉద్యోగంతో 70 శాతం నిజాయితీగా రాదు.

మరి ఇన్నాళ్లూ ఉద్యోగులు ఎలా పాసవుతున్నారు? అందరికీ తెలిసిన రహస్యమే. ‘నాన్ అటెండింగ్’ అని దానికి పేరు కూడా ఉంది. ఫీజుతోపాటు ఇంకొంత కడితే హాజరు వాళ్లే చూసుకుంటారు, పరీక్షలకు వెళ్తే చాలు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లా కాలేజీలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టమంది. విద్యార్థి ఉద్యోగంలో ఉన్నాడా, ఉంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఉందా, ఇదే సమయంలో వేరే రెగ్యులర్ డిగ్రీ చదువుతున్నాడా, క్రిమినల్ కేసులున్నాయా అన్నవి డిక్లరేషన్‌గా తీసుకోమంది. అంటే అప్పటిదాకా కాలేజీకీ విద్యార్థికీ మధ్య ఉన్న సర్దుబాటు ఇప్పుడు విద్యార్థి సంతకంతో కాగితం మీదికి ఎక్కుతుంది. ప్రభుత్వ ఉద్యోగి ఒకే తేదీన, ఒకే గంటకు ఆఫీసు రిజిస్టర్‌లోనూ కాలేజీ రిజిస్టర్‌లోనూ ఉన్నాడని తేలితే పోయేది డిగ్రీ ఒక్కటే కాదు. శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోకుండా, సెలవు లెక్క సరిచూసుకోకుండా రెగ్యులర్ కోర్సులో చేరడం నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను.

డిగ్రీ వచ్చింది, తర్వాత? రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. దీనికి ఒకప్పుడు పలు రాష్ట్రాల్లో పది వేలు దాటి, కొన్నిచోట్ల నలభై వేల దాకా వసూలు చేసేవారు. 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. అడ్వకేట్స్ చట్టంలో ఉన్నట్టు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదంది. ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. నోట్స్ లేని బేర్ యాక్ట్స్, అంటే చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు, లోపలికి తీసుకెళ్లనిస్తారు కాబట్టి అదొక పెద్ద గండం కాదు.

అసలు గండం ఉద్యోగం. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు. ఎల్‌ఎల్‌బీ పట్టా ఇంట్లో ఉండొచ్చు, ప్రమోషన్‌కు పనికొస్తే రావచ్చు, కోర్టులో నిలబడాలంటే ఉద్యోగం వదలాలి. వదిలితే మొదటి కొన్నేళ్లు సీనియర్ దగ్గర జూనియర్‌గా ఫైళ్లు మోయాలి. ఆ రోజుల్లో వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. పాతికేళ్ల కుర్రాడికి నాన్న ఉంటాడు, నలభై అయిదేళ్లవాడే ఇంకొకరికి నాన్న. పెన్షన్ వచ్చే రిటైర్డ్ ఉద్యోగికి ఈ బాధ లేదు, అందుకే లా అనే రెండో డిగ్రీ అందరికంటే ఎక్కువ కలిసొచ్చేది వాళ్లకే. రెవెన్యూలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అడంగల్, పహాణీ, 1బీ లాంటి భూమి రికార్డులు ఎక్కడ తిరకాసు పెడతాయో తెలుసు. సివిల్ కోర్టులో భూమి కేసు వేసే యువ లాయర్‌కు ఆ జ్ఞానం రావడానికి ఏళ్లు పడుతుంది. పోలీసుల పరిస్థితి ఇటీవల కాస్త తారుమారైంది. నోటికొచ్చిన 302, 420 సెక్షన్లన్నీ 2024 జులై 1 నుంచి మారిపోయాయి. హత్యకు ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో 103, మోసానికి 318. ముప్పై ఏళ్ల అలవాటును మరిచిపోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

జడ్జి కావాలనుకునేవారికి మాత్రం లెక్క కుదరదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు జనరల్ అభ్యర్థులకు 35 ఏళ్లే పరిమితి. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అన్న పాత నిబంధనను తిరిగి తెచ్చింది. కోర్సుకు మూడేళ్లు, ప్రాక్టీసుకు మూడేళ్లు. రిజర్వేషన్ సడలింపు లేనివారు ఇరవై తొమ్మిది దాటాక ఆ ఉద్యోగం కోసమే లాలో చేరితే అది వట్టి ఆశే.

టీచర్ కల, డాక్టర్ కల

బీఈడీ విషయంలో జరిగే పొరపాటు ఇలాంటిదే. కోర్సుకు వయసు లేదు, ప్రభుత్వ టీచర్ ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీకి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి జనరల్ అభ్యర్థుల వయోపరిమితిని 44 ఏళ్లకు పెంచారు. డీఎస్సీ ఏటా రాదు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. నలభై రెండేళ్లకు రెండేళ్ల బీఈడీలో చేరితే, పాసయ్యాక టెట్ రాసి డీఎస్సీ కోసం ఎదురుచూసే సమయమే మిగలదు. ఇంకో సంగతి. ప్రైమరీ స్కూల్ టీచర్ పోస్టుకు, అంటే ఎస్జీటీకి, బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. డీఎడ్ వాళ్లకే ఆ పోస్టులు. బీఈడీతో స్కూల్ అసిస్టెంట్‌కే పోటీ పడాలి, దానికి డిగ్రీలో చదివిన సబ్జెక్టు కూడా కుదరాలి. ఇక్కడా హాజరు గట్టిగానే ఉంటుంది. క్లాసులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధన. ప్రైవేటు స్కూల్లో చెప్పాలనుకునేవారికి, ఇప్పటికే చెబుతూ బీఈడీ లేదని జీతం పెరగనివారికి మాత్రం ఇది తప్పకుండా లాభమే. ముఖ్యంగా పెళ్లయి పిల్లలు పెద్దవాళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి రెండో డిగ్రీగా ఇదే బాగా సరిపోతోంది.

ఎంబీబీఎస్ అయితే అరుదు. ఒడిశాకు చెందిన జయకిశోర్ ప్రధాన్ అనే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి 2020లో తన 64వ ఏట నీట్ రాసి బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. 25 ఏళ్ల పరిమితి అప్పటికి పోకపోయినా, దానిపై కేసు తేలేదాకా పెద్దవయసువాళ్లనూ నీట్ రాయనివ్వమని సుప్రీంకోర్టు తాత్కాలికంగా అనుమతించింది. దేశమంతా ఆయన్ని మెచ్చుకుంది. కోర్సు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. డెబ్భైకి దగ్గరపడి డాక్టరవుతారన్నమాట. ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఆ సీటు ఒక కుర్రాడికి దక్కితే నలభై ఏళ్లు వైద్యం చేసేవాడు కదా అని అప్పట్లో వచ్చిన విమర్శను నేను కొట్టిపారేయలేను. అదే విమర్శను ఎల్‌ఎల్‌బీకో ఎంఏ తెలుగుకో తీసుకొచ్చి ‘పిల్లల సీటు కొట్టేస్తున్నావు’ అనేవాళ్లను మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

దూరవిద్య అనే మాట వెనక

ఉద్యోగం వదలలేనివారికి మిగిలేది దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ. ఈ రంగంలో తెలుగువారికి ఒక చిన్న గర్వకారణం ఉంది. మన ఓపెన్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ప్రొఫెసర్ జి. రామిరెడ్డే, 1985లో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆదివారం కాంటాక్ట్ క్లాసులు, ఇంటికొచ్చే పుస్తకాలు, దగ్గరి ఊళ్లో స్టడీ సెంటర్ అన్న నమూనా అప్పట్నుంచి మనకు అలవాటే.

గుర్తింపు పొందిన విద్యాసంస్థ, అనుమతి ఉన్న కోర్సు అయితే దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది. ఆ ‘అయితే’లోనే అంతా ఉంది. యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే సరిపోదు, ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి దూరవిద్య అనుమతి ఉండాలి. ఇంజినీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్, లా, ఆర్కిటెక్చర్ లాంటివి దూరవిద్యలో చెప్పడానికే వీల్లేదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు 2001 నుంచి 2005 మధ్య దూరవిద్యలో చేర్చుకుని ఇచ్చిన బీటెక్ డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టు సస్పెండ్ చేసింది. ప్రమోషన్లు తీసుకుని పదేళ్లు దాటిన ఇంజినీర్లు మళ్లీ పరీక్ష రాసి తమ డిగ్రీ నిలబెట్టుకోవాల్సి వచ్చింది. నడివయసులో చదివిన చదువుకు ఇంతకంటే అవమానం ఏముంటుంది?

తాజా మార్పు సైకాలజీది. కౌన్సెలర్ కావాలని ఎంఏ సైకాలజీని దూరవిద్యలో ఎంచుకునేవారు ఈ మధ్య బాగా పెరిగారు. 2025 జులై, ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటి సబ్జెక్టులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూజీసీ ఆపేసింది. అంతకుముందు కూడా ఒట్టి ఎంఏతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు, దానికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన వేరే శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. ఎవరైనా ఇప్పుడు కూడా ‘మా దగ్గర డిస్టెన్స్ సైకాలజీ ఉంది, అడ్మిషన్లు ఓపెన్’ అని ఫోన్ చేస్తే లైను కట్ చేయండి.

అలాగే ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ గురించి చెప్పక తప్పదు. మూడేళ్ల డిగ్రీని ఒకే ఏడాదిలో, పాత తేదీలతో ఇప్పిస్తామనే ప్రకటనలు గోడల మీద, ఫోన్లలో కనిపిస్తూనే ఉంటాయి. నలభై దాటినవారే వీళ్ల గురి, ఎందుకంటే సమయం లేదన్న తొందర ఆ వయసులోనే ఉంటుంది. ఏ చట్టం కిందా అలాంటి డిగ్రీ లేదు. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే యూజీసీ పోర్టల్‌లో విద్యార్థే సొంతంగా డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. ఆ పోర్టల్‌లో మీ యూనివర్సిటీ, మీ కోర్సు కనిపించకపోతే అక్కడితో ఆపేయడమే.

కంప్యూటర్ వైపు మళ్లాలనుకునేవారికి ఒక మంచి దారి కొత్తగా వచ్చింది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, వయసు అడ్డు లేదు. ఇంటర్ పాసై, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ పాసైతే సీటు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు సెంటర్లో. మధ్యలో ఆపినా ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా చేతికొస్తాయి. నడివయసువారికి ఆ చివరి సౌకర్యమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఈ వయసులో చదువు ఆగడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదు. ఇంట్లో ఎవరో ఆస్పత్రి పాలవుతారు, బదిలీ వస్తుంది, పిల్ల పెళ్లి కుదురుతుంది.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని 2022 ఏప్రిల్లో యూజీసీ అన్నప్పట్నుంచి, ‘లాతోపాటు ఎంఏ కూడా కట్టేస్తా’ అనేవాళ్లు కనిపిస్తున్నారు. యూజీసీ ఒప్పుకున్నా ఆయా వృత్తి మండళ్ల నిబంధనలకు లోబడే అది. రెండు రెగ్యులర్ కోర్సులు ఒకేసారి చదవడాన్ని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు.

అమెరికాలో మనవాళ్లు చేసే ‘సెకండ్ మాస్టర్స్’ ఇంకో లోకం. హెచ్1బీ లాటరీలో పేరు రాక, దేశంలో ఉండటం కోసం మళ్లీ కాలేజీలో చేరడం అది. ఒకే స్థాయి డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, ఒక్కసారే వస్తుంది కాబట్టి రెండో మాస్టర్స్‌తో కొత్త ఓపీటీ రాదన్న సంగతి ఫీజు కట్టకముందే గుర్తుంచుకోవాలి.

డబ్బు, కాగితాలు

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లోనే ఉంది, ఒక స్థాయి చదువు పాసయ్యాక అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే రాదు. కొన్ని పథకాల్లో ఒక వృత్తి కోర్సు పూర్తి చేసి ఇంకో వృత్తి కోర్సులోకి మారినా రాదు. దానికి వాళ్లు ఇచ్చిన ఉదాహరణే బీఈడీ తర్వాత ఎల్‌ఎల్‌బీ. రాష్ట్ర పథకాల్లో వయసు పరిమితులు కూడా ఉంటాయి.

చదువు కోసం అప్పు తీసుకుంటే దాని వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది (1961 నాటి చట్టంలో అది 80ఈ సెక్షన్). పిల్లల చదువుకే అని చాలామంది అనుకుంటారు గానీ సొంత చదువుకూ వర్తిస్తుంది. ఎనిమిదేళ్ల దాకా. పాత పన్ను విధానంలో ఉంటేనే. పన్ను మినహాయింపుకు (1961 చట్టంలో 80సీ) చూపించే ట్యూషన్ ఫీజు మాత్రం పిల్లలదే, మనది కుదరదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు స్టడీ లీవు ఉంది, కానీ చదువు చేసే ఉద్యోగానికి సంబంధించినదై ఉండాలి, తిరిగొచ్చాక రిటైర్మెంట్‌కు కనీసం మూడేళ్లుండాలి. కాబట్టి పోస్టాఫీసు ఉద్యోగి రిటైర్మెంట్ తర్వాతి ప్రాక్టీసు కోసం స్టడీ లీవు మీద లా చదవడం అన్నది కాగితం మీద కూడా కుదరదు.

ఖర్చు లెక్కలో ఫీజు చిన్న భాగం. ఉద్యోగం వదిలితే పోయే జీతం, వదలకపోతే పోయే ఆదివారాలు, ఇవి పెద్దవి. ఆడవాళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలు, పిల్లల పరీక్షలు ఒకే నెలలో పడితే ఎవరి పుస్తకం పక్కకు పోతుందో మనకు తెలుసు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ‘నేనున్నాగా’ అనే భర్త మాట కంటే, వారంలో ఏ రోజు వంట ఎవరిదో తేల్చుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

కాగితాలు ఊహించిన దానికంటే ఎక్కువ తిప్పిస్తాయి. చాలామంది దగ్గర ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో తప్ప ఒరిజినల్ డిగ్రీ ఉండదు, అప్పట్లో ఫీజు కట్టి తెచ్చుకోలేదు. మూతబడిన కాలేజీ నుంచి టీసీ తేవాలంటే యూనివర్సిటీ చుట్టూ తిరగాలి. స్థానికతకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, ఎక్కడెక్కడో చదివినవారికి అదొక వేట. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది. టెన్త్ మెమోలో ఉన్న పేరుతోనే అప్లికేషన్ పెట్టి, ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేసుకోవడం సులువు. మెమోలో పేరు మార్పించడం చాలా పెద్ద తతంగం.

బుర్ర పనిచేస్తుందా?

ఈ అనుమానం పైకి అందరూ అడగరు గానీ అందరికీ ఉంటుంది. వయసుతో తగ్గేది వేగం. కొత్త విషయాన్ని గబగబా పట్టేయడం, చూసింది చూసినట్టు గుర్తుంచుకోవడం ఇరవైల్లో ఉన్నంత ఉండవు. మాటల సంపద, లోకజ్ఞానం, ఒకదానితో ఇంకోదాన్ని కలిపి అర్థం చేసుకునే తీరు మాత్రం అరవైల దాకా నిలకడగానే ఉంటాయి. లా, చరిత్ర, సాహిత్యం, మేనేజ్‌మెంట్ లాంటి చదువులకు కావాల్సింది ఆ రెండోదే. కాంట్రాక్ట్ చట్టం పాఠం ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఒకసారి చెబితే చాలు. లెక్కలు, ప్రోగ్రామింగ్‌కు ఎక్కువ సమయం పెట్టుకోవాలి, అంతే.

పెద్దవాళ్లు చదివే పద్ధతిలో మాత్రం ఒక లోపం ఉంటుంది. పుస్తకం మొత్తం అండర్‌లైన్ చేస్తూ మళ్లీ మళ్లీ చదువుతారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన సెమిస్టర్ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత రాదు కదా.

మూసి రాయడంలో ఇంకో లాభం కూడా ఉంది. ఫోన్లో బొటనవేలితో టైప్ చేయడం, ఆఫీసులో సంతకాలు పెట్టడం తప్ప పదిహేనేళ్లుగా పెన్ను పట్టనివారికి మూడు గంటల పరీక్షలో మొదట మొరాయించేది బుర్ర కాదు, చెయ్యి. జవాబులన్నీ తెలిసి కూడా చివరి రెండు ప్రశ్నలు వదిలేసి వచ్చేవాళ్లు మొదటి సెమిస్టర్‌లో ఎంతోమంది. యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. పరీక్షలకు రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకటి తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, టైం చూసుకుని మూడు గంటలూ పూర్తిగా రాయాలి. రాసింది చదవడానికి వచ్చేలా ఉందో లేదో ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే వాళ్లనే దిద్దమనండి, మొహమాటం లేకుండా చెబుతారు.